మూలన కూర్చున్న శకటం

అనగనగా, రాజులు కత్తులు పక్కనపెట్టి చదరంగంతో తగవులు తీర్చుకునే రోజుల్లో, మేఘగిరికీ సింహపురికీ నడుమ ఒక పచ్చికబయలు ఉండేది. ఆ ఏడు వానల్లేవు. పచ్చిక మిగిలింది అక్కడొక్కచోటే. అది మాదంటే మాదని రెండు రాజ్యాలూ పట్టుబట్టాయి.

ఆట గెలిచినవారిదే బయలు. ఆడేవారు ఎదుటివారిని ఒక్క ప్రశ్న అడగవచ్చు. జవాబు అబద్ధమైతే ఓడినట్టే. అదీ అక్కడి ఆచారం.

మేఘగిరి గొల్లపెద్ద బీరయ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. బయలు పోతే అతని మందకు గడ్డిపరక దొరకదు మరి.

సింహపురి రాజు ప్రచండసేనుడు బంటును బల్ల నడుమకు తోశాడు. మేఘగిరి రాణి హేమవల్లి గుర్రాన్ని కాస్త దూకించి ఊరుకుంది. రాజు రెండో బంటునూ తోశాడు. రాణి ఒక బంటును గడి జరిపి, మరుసటి ఎత్తులో శకటాన్ని ఆ సందున మూలగా కూర్చోబెట్టింది. రాజు మూడో బంటునూ తోసి మీసం దువ్వాడు. రాణి తన రాజును కోటలో దాచుకుంది.

"అయ్యో తల్లీ, నట్టనడుమంతా వాళ్ళకే వదిలేశావేంటమ్మా!" అని బీరయ్య గొణుక్కున్నాడు. అయినా ఆ శకటం మూలన కూర్చుని ఏం చేస్తోందా అని అతనికి ఒకటే కుతూహలం.

రాజు బుర్రనూ అదే తొలిచేసింది. "రాణీ, నా ప్రశ్న ఇదే. మీరు నడుమకు రారేం? భయమా?"

"భయం కాదు మహారాజా. నా శకటం అక్కణ్ణుంచే ఏటవాలుగా నడిమి గళ్ళను కాస్తోంది. మీ బలగమంతా మీ బంట్లకు కాపలాగా చేరాక కొడతాను."

రాజు పకపకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!"

నిజం చెప్పినా నమ్మనివాణ్ణి ఏం చేస్తాం!

బంట్లకు కాపుగా రాజు గుర్రాలను తెచ్చాడు, వాటికి తోడుగా మంత్రిని తెచ్చాడు. అప్పుడు రాణి పక్కనుంచి ఒక బంటును ఎరవేసింది. రాజు ఆశపడి నడిమి బంటుతో దాన్ని కొట్టాడు. ఇంకేం, శకటానికి దారి తెరుచుకుంది! శకటం మూలనుంచి దూసుకొచ్చి ఎదుటి మూలనున్న ఏనుగును పడగొట్టింది. నడుమనున్న బలగం ఒకదానికొకటి అడ్డుపడి వెనక్కి రాలేకపోయింది. మరి కాసేపటికే ఆటకట్టు.

"మీరు నిజమే చెప్పారు, నేనే వినలేదు" అన్నాడు రాజు తలవంచుకుని.

బీరయ్య కళ్ళు తుడుచుకుని మందను బయలుకు తోలాడు. నడుమ నిలబడబోయి, ఏదో తోచి, అంచునున్న గుట్ట ఎక్కాడు. ఔరా! అక్కణ్ణుంచి ఒక్క దూడ కూడా చూపు దాటిపోవడం లేదు.

నట్టనడుమ కూర్చున్నంత మాత్రాన చోటు మనది కాదు. దూరానున్నా కనిపెట్టుకుని, వేళకు అందుకున్నవాడిదే.