కట్టు విప్పని గ్రంథం

ఎదుటివాళ్ళ గ్రంథాల్లో ఎవరి పేరు ఎక్కువసార్లు కనిపిస్తే ఆ రాజ్యంలో వాళ్ళే మహాపండితులు. ఆ లెక్కన ఈసారి బంగారు కంకణం విరూపాక్షశాస్త్రిగారిది. ప్రాణుల ఒంట్లోని కణాల మీద ఆయన పేరున వెలసిన తాళపత్ర గ్రంథాన్ని ఉదహరించని పండితుడే లేడు.

రాజుగారి పుస్తకశాల ఊడ్చే ఓబులమ్మకు మాత్రం అనుమానం పీకుతూనే ఉంది. ఆ గ్రంథానికి ఉన్నది ఒక్కటే ప్రతి, అదీ ఈ పుస్తకశాలలోనే. పుస్తకాలు తాకే హక్కు తనకు లేదు కాబట్టి, దాని కట్టుతాడు మీది సాలెగూడు ఏళ్ళ తరబడి అలాగే ఉంది. మరి వీళ్ళంతా ఎప్పుడు చదివినట్టు?

కంకణం తొడిగే వేళ ఆమె సభలో ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"ప్రభూ, ఆ పుస్తకంలో తమర్ని తిట్టిన ముక్క ఉందేమోనని నా అనుమానం. చదివిన ఈ అయ్యవార్లనే అడగండి."

రాజు కళ్ళెర్రజేశాడు. "ఎవరయ్యా చదివింది?"

"నేను చదవలేదు ప్రభూ! పక్కాయన ఆ పేరు రాశాడని నేనూ రాశాను," అన్నాడొక పండితుడు. ఆ పక్కాయనదీ అదే మాట. సభంతా అదే పాట.

రాజు శాస్త్రిగారి వైపు తిరిగాడు.

"నేనూ చదవలేదు మహాప్రభూ! శిష్యులు రాస్తే పేరు పెట్టుకున్నానంతే."

"మరి ఈ కంకణం ఎవరికివ్వను?"

"పుస్తకశాలలో ఒక సాలీడుంది ప్రభూ, దానికిప్పించండి," అంది ఓబులమ్మ. "ఇన్నేళ్ళూ ఆ పుస్తకాన్ని వదలకుండా పట్టుకున్నది అదొక్కటే."