జేగురమ్మ ఒడిలో బంగారు రవ్వలు

ఒకప్పుడు బంగారం ఇలా రవ్వలు రవ్వలుగా ఉండేది కాదు. రెండు రవ్వలకు కాస్త వేడి తగిలితే చాలు, కావలించుకుని ఒకే ముద్ద అయిపోయేవి. ముద్దయ్యాక ఒకరితో పలుకు లేదు, ఒక పని లేదు. కొండ కడుపులో పడి నిద్రపోవడమే.

ఒక ఏడు వాన దంచికొట్టింది. కొండ పగిలింది. లోపలి బంగారు ముద్ద ఏడు రవ్వలుగా చెదిరింది. ఆ ఏడుగురు అక్కచెల్లెళ్లు వరదలో కొట్టుకొచ్చి ఎర్రటి వాలు మీద పడ్డారు. జానెడు దూరానికొకరు. అందరిలో చిన్నది చిన్నరవ్వ. నువ్వుగింజలో సగం కూడా ఉండదు.

ఆ ఎర్రటి వాలు పేరు జేగురమ్మ. ఆడవాళ్లు గోడల అడుగున పట్టెలు దిద్దడానికి తవ్వుకుపోతారే, ఆ ఎర్రమన్ను. ఆమె ఒకసారి పట్టుకుందంటే వదలదు.

"అక్కా!" అని చిన్నరవ్వ పొద్దున్నే పిలిచేది.

"ఓయ్!" అని జానెడు అవతల నుంచి పెద్దరవ్వ పలికేది. ఆ జానెడే చిన్నరవ్వ దాటలేకపోయేది.

"అవ్వా, కాస్త వదులు. అక్క దగ్గరికి పోయి వస్తా."

"పోతావు. రావు," అంది జేగురమ్మ. "కావలించుకున్నాక ఎవరు ఎవరో మీకే తెలీదు. అప్పుడు చిన్నరవ్వా అని పిలిస్తే పలికేదెవరే?"

చిన్నరవ్వ మళ్లీ అడగలేదు. దిగులు మాత్రం పోలేదు.

వాలు కింద కుండలు కాల్చే ఆవం ఉంది. ఒకనాడు అందులో పచ్చికట్టెలు వేశారు. సరిగ్గా మండలేదు. అందులోంచి బొగ్గుగాలి అనేవాడు బయటికొచ్చాడు. వాడికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరి సగమే. మిగతా సగం కోసం ఏ గుండె కనబడితే ఆ గుండెలో దూరేవాడు. వాడికేమీ దొరికేది కాదు. ఆ గుండె మాత్రం ఆగిపోయేది.

ఆవం గోడ కన్నంలో పిచ్చుక పిల్లలు రెండూ తలలు వాల్చేశాయి. తల్లిపిచ్చుక అరిచింది: "ఎవరైనా వీణ్ణి ఆపండర్రా!"

బొగ్గుగాలి ఏడుస్తూ వాలెక్కాడు. "జేగురమ్మా, ఇనుము ఊపిరి పీల్చుకుంటేనే నీ ఎరుపు, నీ ఒళ్లంతా ఊపిరే. నాకు తక్కువైన సగం పెట్టు తల్లీ. ఇక ఎవరి జోలికీ పోను."

"నీకా? ఇనుము తీసే కొలిమిలో మా అక్కను ఏం చేశావో మరిచాననుకున్నావా? ఉన్న ఊపిరంతా లాగేశావు. ఎర్రగా నవ్వే మనిషి నల్లటి ఇనుమై బయటికొచ్చింది. నేను ఎదురుపడితే గుర్తుపట్టదు."

"ఆ మంటలో నాకు ఒళ్లు తెలియలేదు తల్లీ."

"మా అక్కకు తెలిసింది. పో అవతలికి."

చిన్నరవ్వ వింటోంది. సగం దూరమైతే ఎట్లుంటుందో తనకు తెలుసు.

"అవ్వా, వాణ్ణి నేను పట్టుకుంటా. నువ్వు నా పాదం అంచున ఒక్క ఊపిరి అందించు. రెండోది లాక్కోనివ్వను."

జేగురమ్మ పిచ్చుక వైపు చూసింది.

"పిచ్చుక మొహం చూసి ఇస్తున్నా. వాడి మొహం చూసి కాదు."

చిన్నరవ్వ వాడి చెయ్యి పట్టుకుంది. పాదం అంచున, మన్నూ బంగారమూ ఆనుకున్న చోట, ఒక్క ఊపిరి పైకొచ్చింది. బొగ్గుగాలి నిండుగాలి అయ్యాడు. ఏడుపు మాని ఆకుల వైపు వెళ్లిపోయాడు. చల్లగాలి వచ్చి జేగురమ్మలో ఆ వెలితి పూడ్చింది. వెనకే ఇంకో బొగ్గుగాలి, ఇంకోడు. అక్కలూ తలా ఒకణ్ణి పట్టుకున్నారు. ముందు ఒక పిచ్చుక పిల్ల తలెత్తింది, చాలాసేపటికి రెండోది.

ఇంతలో ఆవం భగ్గుమంది. వాలంతా కాలింది. బంగారం మెత్తబడింది.

"చెల్లీ, ఇప్పుడు రావే!" పెద్దరవ్వ కేక వేసింది. చిన్నరవ్వ ఒళ్లంతా అటే వాలింది.

జేగురమ్మ గబగబా ఎర్రకొంగు లాగి చిన్నరవ్వ తల మీదుగా కప్పేసింది. చిన్నరవ్వకు గాలి అందడం లేదు. బొగ్గుగాలులు కొంగుకు తగిలి మళ్లీ పిచ్చుక గూటి వైపే తిరిగారు.

"కొంగు తియ్యవ్వా! నన్ను దాస్తే వాళ్లనెవరు పట్టుకుంటారు?"

"తీస్తే పోతావు. నా ఒడిలోంచి పోయినవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు."

"అవ్వా, నా పాదం చూడు. నువ్వు నన్ను పట్టుకున్నావా, నేను నిన్ను పట్టుకున్నానా?"

జేగురమ్మ కిందికి చూసింది. కొంగు లాగే తొందరలో తన రెండు చేతులూ ఎప్పుడో పైకి లేచాయి. పట్టు తనది కాదు. ఆ నువ్వుగింజంత కూడా లేని పిల్లదే.

ఆమె కొంగు వెనక్కి తీసింది. చిన్నరవ్వ గూటి వైపు పోతున్న బొగ్గుగాలి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నేను రావడం లేదు," అంది చిన్నరవ్వ.

అవతల నుంచి పెద్దరవ్వ అంది: "నేనూ ఆగిపోయానే. కానీ పిలవడం మానకు."

అప్పటినుంచే ఎర్రమన్నులో బంగారం ముద్ద కట్టకుండా, ఎక్కడి రవ్వ అక్కడే ఉంటుంది. ఎండ పడగానే ఒకటి మిణుకుమంటుంది, జానెడు అవతల ఇంకొకటి మిణుకుమంటుంది. తెలియనివాళ్లు దాన్ని మెరుపంటారు.