అవధానిగారి ఎర్ర వేలు

మల్లెవాక రాజు వీరమల్ల భూపతికి నలభయ్యో ఏట ప్రశ్నల జబ్బు పట్టుకుంది. నీళ్ళలో వేసిన ఉప్పు ఎటు పోతుంది? ఇనుము తుప్పు పడుతుంది, బంగారం పట్టదేం? పొద్దున్నే సింహాసనం ఎక్కడం, ఒక ప్రశ్న విసరడం. రాజ్యం సంగతి ఆ తర్వాతే.

జవాబు చెప్పాల్సింది ఆస్థాన పండితుడు సూరావధాని. పాపం ఆయనకు అన్నీ వచ్చు, "తెలీదు" అనడం తప్ప. తెలియనిదల్లా పూర్వజన్మ మీదికి నెట్టేసేవాడు. ఉప్పు కరిగినా పూర్వజన్మే, ఇనుము తుప్పు పట్టినా పూర్వజన్మే.

రాజుగారి పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడే మాచమ్మ ఇదంతా విని లోలోపల నవ్వుకునేది. ఉప్పునీళ్ళు ఎండబెడితే ఉప్పు తిరిగొస్తుందని ఆమెకు తెలుసు. అడగందే చెప్పడం ఎందుకని ఊరుకునేది.

ఒకరోజు రాజు తన తెల్ల శాలువా సభలో పరిచాడు. మధ్యలో అరచేయంత ఎర్ర మరక.

"నిన్న దీనిమీద పప్పు ఒలికి పసుపు మరక పడింది. ఉతికిస్తే ఎర్రగా తిరిగొచ్చింది. ఎందుకు?"

బట్టలుతికే పోలయ్య చేతులు జోడించాడు. "రోజూలాగే చవుడు మట్టి పెట్టి ఉతికానండి దొరా. ఇంకేం చెయ్యలేదండి."

అవధాని మరకను ఎగాదిగా చూశాడు. "ఇది నెత్తురు ప్రభూ! పసుపును నెత్తురు చేసింది పాపిష్టి చెయ్యి. వీణ్ణి పొద్దుగూకేలోగా పొలిమేర దాటించాలి."

రాజు తలూపాడు. ఇంట్లో నిండు చూలాలిని పెట్టుకున్న పోలయ్య అక్కడే కూలబడ్డాడు. మాచమ్మ తాంబూలం పెట్టెతో ముందుకొచ్చింది.

"ప్రభూ, ముందు అవధానిగారికి తాంబూలం ఇవ్వనివ్వండి. పొద్దుటి నుంచి అందరికీ అక్షింతలు వేసి వేసి అలిసిపోయారు" అంది.

అవధాని సంబరంగా చెయ్యి చాచాడు. మాచమ్మ తమలపాకులు, సున్నపు కాయ అందించింది. అక్షింతల పసుపు ఇంకా అంటుకునే ఉన్న వేలితో ఆయన సున్నం తీసి, ఆకుకు తీరుబడిగా రాసుకున్నాడు.

"ప్రభూ, పోలయ్యకు తోడు దొరికింది! అవధానిగారి వేలు చూడండి" అంది మాచమ్మ.

వేలు ఎర్రగా మెరిసిపోతోంది.

"అయ్యో, మీదీ పాపిష్టి చెయ్యేనా!" అన్నాడు రాజు.

అవధానికి చెమటలు పట్టాయి. "నెత్తురు కాదు ప్రభూ! పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది, అంతే! మా ఇంట్లో ఆడవాళ్ళు పారాణి కలిపేది ఇలాగే!"

"మరి నా శాలువాకు సున్నం ఎక్కడిది?"

"సున్నం లేకపోతేనేం, చవుడు ఉందిగా ప్రభూ" అంది మాచమ్మ. "సున్నంలో ఉన్న క్షారగుణమే చవుడులోనూ ఉంది. ఆ రెంటిలో ఏది తగిలినా పసుపు ఎర్రబడుతుంది. పులుపు తగిలితే మళ్ళీ మామూలే."

రాజుగారి ముందు పళ్ళెంలోని నిమ్మకాయ తీసి, కోసి, అవధాని వేలిమీద పిండింది. అందరూ చూస్తుండగానే ఎరుపు పోయి పసుపు తేలింది.

"ఒక్క నిమ్మచెక్కతో పోయే పాపానికి పొలిమేర దాకా ఎందుకు ప్రభూ?"

సభ గొల్లుమంది. అవధానికి కూడా వేలు దాచుకుంటూ నవ్వక తప్పింది కాదు. రాజు కళ్ళు తుడుచుకుంటూ శాలువా పోలయ్య భుజాన కప్పి, మెడలోని ముత్యాల హారం తీసి మాచమ్మకు ఇచ్చాడు.