పద్యం కొలతకి చేసిన తుపాకి

గుంపెనపాడు రాజావారి గుండు ఏనాడూ జంతువుకి తగిలిన పాపాన పోలేదు. "నావి మోకాళ్ళదాకా అందే చేతులు. భుజానికి ఆనించే తుపాకి కర్ర ఇంత పొట్టిదైతే గురి ఎలా కుదురుతుంది?" అని ఆయన వడ్రంగి సిద్ధయాచారిని పిలిపించారు.

ఆచారి కంటికి ఆ చేతులు నడుం దిగితే గొప్ప. సరే, కొలుద్దామని తాడు తీశాడు. ఆస్థానకవి అడ్డుపడ్డాడు.

"ప్రభువుల బాహువులకి నీ తాడు కొలతా? ఆజానుబాహువులని నా పద్యంలో లేదూ? ఆ లెక్కన చెయ్యి."

ఆచారి వాదించకుండా ఆ లెక్కనే చేశాడు. నిండుసభలో రాజావారు తుపాకిని భుజానికి ఆనించారు. వేలు మీటకి జానెడు ఇవతలే ఆగిపోయింది.

"నీ చేతులు నరికిస్తాను" అన్నారు రాజావారు.

"చిత్తం ప్రభూ. పద్యం నిజమైతే వేలు అందాలి కదా. తప్పు కర్రదో పద్యానిదో తమరు సెలవిచ్చాక నరికించండి."

రాజావారు కవిని చూశారు, తన చేతిని చూసుకున్నారు, ఆచారిని తప్ప అందరినీ బయటికి పంపేశారు. తలుపులు మూశాక గొంతు తగ్గించి, "కొలుచుకో" అని చెయ్యి చాపారు.

ఆచారి జానెడు కర్ర కోసేశాడు. బయటికొచ్చి ఆ ముక్కని కవి చేతిలో పెట్టాడు.

"ఇది నా పనిలో ఎక్కువైంది కాదండి, తమరి పద్యంలోది."