ఒగురో శిఖరాన ఇనుప రుచి నీళ్లు

జపాను దేశంలో దేవదారు అడవుల నడుమ ఒగురో అనే కొండ ఉంది. దాని కొమ్మున రంగు వేయని చిన్న కొయ్యగుడి, గుడి ముందు రెండు నిలువు స్తంభాల మీద అడ్డదూలాలు పెట్టి కట్టిన వాకిలి ఉంటాయి. షింతో మతస్థులు ఆ వాకిలిని తోరీ అంటారు, దేవతను కామి అంటారు. ఇక్కడి కామికి విగ్రహం లేదు. గుడిలో ఉన్నది ఒక నల్లని బండ, దానికి చుట్టిన గడ్డిమోకు, అంతే. శిఖరం మీద చుక్క నీరు పుట్టదు. తోరీ కింద నిలబడితే ఒక పక్క తూర్పు పల్లె మళ్లు, మరో పక్క పడమటి పల్లె ఇళ్ల కప్పులు కనిపిస్తాయి. దండం పెట్టుకునే ముందు యాత్రికులు రెండు వైపులా చూడాలి. ఈ క్షేత్రం కథంతా ఆ రెండు పల్లెల మధ్యనే నడిచింది.

పూర్వం ఇక్కడ కామికి నీళ్లు పోసే హక్కు తూర్పు పల్లెవారిది. కొండ అడుగున వాళ్లకొక ఊట ఉండేది. దాని మీద తాళం వేసిన కొయ్యగది, ఆ తాళంచెవి పూజారి నడుముకు. ప్రతి అమావాస్యకూ ఇంటికొకరు వచ్చి ఆయన చేత వెదురుగొట్టంలో నీళ్లు పట్టించుకుని, కొయ్యబిరడా బిగించి, కొండెక్కి బండ మీద పోసేవారు. నీళ్లు పోసే పల్లెకే అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు. ఊట ఎండిందో, కామి ఆ పల్లెను విడిచినట్టే. అడవి పడమటివారి పాలవుతుంది. పడమటి ఊట నీళ్లు ఇనుప రుచి, పోసిన కుండకల్లా ఎర్రమరక. తూర్పు పల్లెలో ఎవరైనా ఆ నీళ్లు కామికి పోస్తే వాళ్లను కొండ దాటించి మళ్లీ ఊళ్లోకి రానివ్వకూడదని కట్టుబాటు.

ఆ పల్లెలో కిను అనే వితంతువు ఉండేది. ఉట్టి అనుమానపు మనిషి. అన్నం గిన్నె చేతికిస్తే వాసన చూసిగానీ నోట పెట్టేది కాదు. కోడిపెట్ట గుడ్డు పెట్టని రోజున పక్కింటి వైపు చూసేది. అలాంటి ఇంటికి కొడుకు గెంజో ఎక్కడా పిల్ల దొరకనట్టు పడమటి పల్లె పిల్లను పెళ్లాడి తెచ్చాడు. పేరు ఇతో. మాట తక్కువ, పని ఎక్కువ. అదే కినుకు గుచ్చుకుంది. మాట్లాడని మనిషి లోపల ఏం దాచుకుంటుందో ఎవరికి తెలుసని ఇరుగుపొరుగుతో అనేది.

కినుకు మోకాళ్ల నొప్పులు ముదరడంతో ఆ ఇంటి గొట్టం కోడలి భుజానికి మారింది. ఒక అమావాస్య మర్నాడు గొట్టం కడుగుతూ కిను బిరడా తిప్పి చూసింది. అడుగున సన్నని ఎర్రమరక. పడమటి నీళ్ల మరకే అనుకుని బిరడా మళ్లీ బిగించింది. ఆ పైన ఒకనాడు తెల్లవారకముందే ఇతో కనుమ దారి నుంచి దిగిరావడం కంటపడింది. కనుమ అవతల ఉన్నది ఆమె పుట్టిల్లే. ఎక్కడికెళ్లావని అడిగితే చితుకుల కోసమంది. చేతిలో చితుకు పుల్ల కూడా లేదు. కొడుకును నిలదీస్తే, నువ్వు నీడను కూడా నమ్మవమ్మా అని విసుక్కుని పొలానికి పోయాడు.

ఆ రాత్రి కినుకు కలలో ఒక ముసలమ్మ కనిపించింది. తడి చేతులతో పొయ్యి పక్కన నిలబడి, "ఎవరినో అడగడం దేనికి? నువ్వే ఎక్కి రా" అని చెప్పింది. ఆ ముసలమ్మ కామేనని, తన పక్షమేనని కిను నిశ్చయించుకుంది. కోడలిని అందరి ముందూ పట్టించి కొండ దాటించాలని పంతం పట్టింది.

ఆ తర్వాతి అమావాస్యకు ఆమె రెండో గొట్టం తీసుకుని ఊటగదికి వెళ్లింది. తలుపు సందులో నిలబడి, పూజారి తమోన్ లోపలి తొట్టి నుంచి ముంచి పోస్తుంటే కళ్లప్పగించి చూసి, తన చేత్తోనే బిరడా బిగించింది. తన నీళ్లు స్వచ్ఛమని తేలితేనే కదా కోడలి నీళ్లు బయటపడేది. కర్ర ఊతంతో, మూలుగుతూ, ఇతో వీపు మీంచి చూపు మరల్చకుండా కొండెక్కింది. దారిలో కోడలు రెండుసార్లు చెయ్యి అందించబోతే విదిలించుకుంది.

శిఖరం మీద పల్లెంతా చేరాక కిను తోరీకి అడ్డంగా నిలబడింది.

"గొట్టం ఇటియ్యి. కామి కంటే ముందు నేను రుచి చూడాలి."

ఇతో గొట్టాన్ని గుండెకు హత్తుకుంది. "ముందు మీ గొట్టంలోవి చూడండి, అత్తయ్యా" అంది మెల్లగా.

కోడలికి నోరు లేచిందే అని ఆడవాళ్లు నవ్వారు. కిను ఒళ్లు మండి తన బిరడా ఊడబీకి ఒక గుక్క నోట పోసుకుంది.

ఇనుము.

నోటినిండా నీళ్లతో ఆమె అలాగే ఉండిపోయింది. పూజారి వైపు చూసింది. తమోన్ తల ఎత్తలేదు. ఇతో దగ్గరకు వచ్చి కర్ర సర్దుతున్నట్టు వంగి, ఆమెకు మాత్రమే వినిపించేలా చెప్పింది. ఊట చలికాలంలోనే ఎండిపోయింది. పడమటివాళ్లను అడగగలిగే మనిషి ఊళ్లో ఇతో ఒక్కతే కనుక తమోన్ ఆమె కాళ్లు పట్టుకున్నాడు. అప్పటినుంచీ ఆమె తండ్రి నీళ్ల కడవలు కనుమ దగ్గర దించి పోతున్నాడు. ఊటగది తొట్టి నిండేది వాటితోనే, ఊరందరి గొట్టాల్లోనూ అవే నీళ్లు.

"అడవి వాళ్లకే వచ్చేది కదే. మీ నాన్న ఎందుకిస్తున్నాడు?" కిను గుక్క మింగి, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది.

"నేనిక్కడ కాపురం చేస్తున్నానని."

వెనక నుంచి పొరుగింటి సెన్ అరిచింది. "ఏం కినూ, అంత సేపు పుక్కిలించావు. ఎలా ఉన్నాయేమిటి?"

ఒక్క మాట చాలు. కోడలు కొండ దాటుతుంది, దానితో పాటు అడవీ పోతుంది. ఊరంతా కిను నోటి వైపే చూస్తోంది.

"మన నీళ్లే" అంది కిను.

"మరి నీ కోడలివి చూడవేం? దానికోసమేగా మోకాళ్లీడ్చుకుంటూ వచ్చావు."

కిను తన గొట్టం ఇతో చేతిలో పెట్టి, ఇతో గొట్టం తాను తీసుకుంది. వాసన చూడలేదు. బిరడా తీసి, ఊరు చూస్తుండగా బండ మీద పోసింది. అత్త గొట్టంలోవి కోడలు పోసింది. ఆ తర్వాత దిగుడుదారిలో కోడలు చెయ్యి అందిస్తే పట్టుకుందట. ఈ సంగతి కిను చాలా ఏళ్లకు మనవరాలికి చెప్పగా, ఆమె నుంచి లోకానికి తెలిసింది.

ఊటలో మళ్లీ జల పడిందని తూర్పువారు అంటారు. పడలేదని పడమటివారు నవ్వుతారు. కొయ్యగదికి నేటికీ తాళమే. తొట్టి ఎలా నిండుతుందని పూజారులను అడిగే ఆచారం లేదు. యాత్రికులు అక్కడ గొట్టం నింపించుకుని కొండెక్కి, తోరీ కింద ముక్కూమొహం తెలియని వారితో గొట్టం మార్చుకుంటారు. ఇచ్చేవారు "మన నీళ్లే" అనాలి. పుచ్చుకున్నవారు మూతి దగ్గర పెట్టకుండా బండ మీద పోయాలి. అలా పోసినవారి ఇళ్లలో కొత్తగా అడుగుపెట్టిన పిల్ల కన్నీరు పెట్టదని, విడిపోయిన కాపురాలు కలుస్తాయని నమ్మకం. అయినా ప్రతి అమావాస్యకూ ఎవరో ఒకరు ఇటూ అటూ చూసి గొట్టం వాసన చూస్తూనే ఉంటారు. వారిని ఎవరూ ఏమీ అనరు. వరుసలో వెనకనున్నవారు కాస్త ఆగుతారు, వారు పోసేదాకా.