అవతలి ఒడ్డున గంగమ్మ

సింగయకు లెక్క తెగడం లేదు.

అయ్యలారా, అమ్మలారా, మన లెక్క తెగకపోతే మనకు నిద్ర పట్టదు, అంతే. సింగయ సంగతి వేరు. ఏటి అవతల కొండకోటలో అతని తోడబుట్టిన అక్క ఉంది. కోటను శత్రువు చుట్టుముట్టాడు. కోట మీంచి నల్లటి పొగ లేస్తోంది. లోపల నీళ్ళు అయిపోవస్తున్నాయని కోటవాళ్ళు చేసే సైగ అది.

ఇవతలి ఒడ్డున ఓబన్న నాయకుడి సైన్యం కాచుకుని ఉంది. ఆ సైన్యానికి లెక్కలు కట్టేవాడే మన సింగయ. ముందురోజు దండును పుట్లలో ఎక్కించి దాటించి చూశారు. పుట్లంటే తెలుసుగా, వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవలు. పొద్దు వాలేసరికి పావువంతు కూడా దాటలేదు. కొద్దిమందే అక్కడుంటే శత్రువు మింగేస్తాడని వెనక్కి పిలిచేశారు. "పుట్లు చాలవు, ఊరూరా తోళ్ళు పోగుచెయ్యండి" అన్నాడు నాయకుడు. అవి కుట్టేలోగా ఏటికి కొత్తనీరు రానే వస్తుంది.

సింగయ పరుగున మఠానికి వెళ్ళి గురువుగారైన నరహరి యతి కాళ్ళమీద పడ్డాడు.

"స్వామీ, ఏటి వడి వేశాను. గాలి వేశాను. గుర్రాల బరువు, తెడ్డు వేసేవాళ్ళ అలసట, అన్నీ వేశాను. ఇంతకన్నా నిండైన లెక్క ఎవడూ కట్టలేడు. అయినా ఉన్న పుట్లతో దండు ఒక్కరోజులో ఎలా దాటాలో తెగడం లేదు!"

"నిండుగానే ఉంది నాయనా" అన్నారు యతి. "పూజ వేళయింది. తీర్థం తీసుకుని వెళ్ళు."

ఆరోజు ఏకాదశి. మఠంలోని గుడి నిండా జనం. హారతి అయ్యాక యతి ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి తీర్థం ఇస్తున్నారు. ఒక్కొక్కరూ ఆగడం, కొంగు సర్దుకోవడం, చెయ్యి చాపడం, కళ్ళకద్దుకోవడం, మిగిలిన తడి నెత్తిన రాసుకోవడం. మనం చేసేదే కదా! లోపలివాళ్ళకు ఊపిరాడడం లేదు.

"కదలండర్రా! దేవుణ్ణి చూశాను, ఇక కాస్త గాలి చూపించండి!" అని ఓ ముసలావిడ కేక.

సింగయ విసుక్కున్నాడు. "గుడి చిన్నది స్వామీ. ఇంకో గుమ్మం పెట్టించాలి."

యతి తీర్థం పాత్ర పట్టుకుని మెట్లు దిగి, ఆవరణలో పారిజాతం కిందికి వెళ్ళి నిలబడ్డారు. జనం ఆయన వెంట నడిచారు. చూస్తుండగానే గుడి ఖాళీ అయింది. తీర్థం అందనివాళ్ళు ఒక్కరూ లేరు.

సింగయ గుమ్మం వంక చూశాడు. పారిజాతం వంక చూశాడు. పంచె ఎగ్గట్టి ఏటివైపు పరుగెత్తాడు.

"ఒరేయ్, తీర్థం!" అన్నారు యతి. ఎవరికి వినపడుతుంది!

అప్పటిదాకా అతను ఇవతలి ఒడ్డునుంచే లెక్కపెట్టాడు. ఈసారి నాలుగు పుట్లలో మనుషుల్ని ఎక్కించమని చెప్పి, తాను ముందే దాటి అవతలి రేవులో నిలబడ్డాడు. రెండు బండల మధ్య సన్నటి దారి. దారిలోనే గంగమ్మ రాయి. దిగిన ప్రతి సైనికుడూ అక్కడ ఆగి, వంగి మొక్కి, పసుపు బొట్టు పెట్టుకుంటున్నాడు. దిగే చోటు లేక వెనక పుట్లు నీళ్ళలో గిరగిరా తిరుగుతున్నాయి.

తిరిగొచ్చి విషయం చెప్పగానే నాయకుడు మీసం దువ్వాడు. "అమ్మవారిని కదిలిస్తావా? తల మీద ఆశ లేదా?"

"రాయిని ముట్టను దొరా. తల్లిని కలశంలోకి పిలుద్దాం. గట్టెక్కాక వచ్చే చింతతోపులో కొలువు తీరుద్దాం. అక్కడ ఎంతసేపైనా మొక్కుకోనీండి."

"మరి నీ ఏటి వడి, గాలి, గుర్రాల బరువు?"

"తీసేశాను."

"ఇంకేం మిగిలిందయ్యా?"

"ఒక గుమ్మం, దొరా."

నాయకుడికి ముక్క అర్థం కాలేదు. కానీ గంగమ్మకు ఊరేగింపంటే కాదనే మొనగాడెవడు?

తెల్లవారుతూనే డప్పులు మోగాయి. కలశం ముందు దాటింది, తోపులో కొలువుదీరింది. ఆ వెనక పుట్టి తగలడం, దండు దిగి గట్టెక్కడం, పుట్టి తిరిగిపోవడం! ఒక్క కొత్త తోలు కుట్టలేదు. ఎండ నడినెత్తికి రాకముందే సైన్యమంతా అవతల ఉంది. నొసట పసుపుతో దండంతా ఒక్క గొంతై "జై గంగమ్మ తల్లీ!" అంటే కొండ మారుమోగింది. శత్రువు డేరాలు వదిలి పరుగో పరుగు!

సైనికులు సింగయను భుజాల మీదికి ఎత్తేశారు. చివరి పుట్టిలోంచి యతి దిగుతూ కనిపించారు.

"స్వామీ!" పైనుంచే అరిచాడు సింగయ. "నా లెక్క సరిపోయిందా?"

యతి కొండ మీదికి చెయ్యి చూపించారు.

"నన్నడుగుతావేంరా పిచ్చివాడా! అదిగో, కోట తలుపులు తీశారు. పోయి మీ అక్కనడుగు."