దొప్పెడు నీళ్లు తాగలేని అభ్యర్థులు

మోదుగులు విరగబూసే ఆ కొండల నడుమ అడవికి రాజు లేడు. మూడు వానాకాలాలకోసారి ఓట్లేసి పెద్దని ఎన్నుకుంటారు. దానికి ముందు అభ్యర్థులిద్దరూ నల్లబండ ఎక్కి అందరి ఎదుటా వాదించుకోవాలి. వాళ్ల ప్రతి మాటనీ గోరింకలు అందుకుని చెట్టు నుంచి చెట్టుకి, కొండ నుంచి కొండకి చేరవేస్తాయి. ఎక్కడో గుహలో కదల్లేక పడున్న ముసలి ముళ్లపందికి కూడా ఒక్క మాట పొల్లుపోదు.

ఈసారి బండ మీద నక్క సూరప్ప, ఎలుగుబంటి గుబురయ్య. వేళ మీరితే మానుమీద టకటకా కొట్టి నోరు మూయించే పని వడ్రంగిపిట్ట రాయుడిది.

అందరికన్నా వెనక, ఎండిన మద్దికొమ్మ మీద పడుచు రాబందు మబ్బి కూర్చుంది. రాబందులు పెద్ద మడుగులో ముక్కు పెట్టకూడదని ఆ అడవి కట్టుబాటు. కుళ్లిన కళేబరాలు తిని అడవిని శుభ్రం చేసేది వాళ్లే, అయినా వాళ్ల ముక్కే మైలట! వాళ్లకి దిగువన వేరే గుంట. ఈ ఎండలకి అది నెర్రెలు విచ్చింది. కొండ అవతలి ఏటికి ఎగిరే సత్తువ లేక మబ్బి తల్లి నిన్నటి నుంచీ గొంతు తడవక కూర్చుంది.

ఆ దిగులులోనూ మబ్బి వాదన విని రెక్కలు ముడవడం మరిచిపోయింది. అబ్బ, ఏం మాటలు! జలపాతం కూడా మధ్యలో ఊపిరి పీల్చుకుంటుందేమో గానీ వీళ్లు పీల్చుకోరు.

"వెదురుదారి వేసిందెవరు? మేం!" అన్నాడు సూరప్ప.

"వేశావు, నేరుగా నీ బొరియ దాకా!" అన్నాడు గుబురయ్య.

"తేనెపట్లన్నీ ఎవరి పొట్టలో ఉన్నాయో తట్టి చూద్దామా బావా?"

జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుని కూడా గోరింకలు మోసుకుపోయాయి.

రాయుడు మాను కొట్టాడు. "ఇక మీ ప్రశ్నలు!"

అక్కడో ఆనవాయితీ ఉంది. ప్రశ్న అడిగినవాళ్లే బండ పక్కనున్న రాతితొట్టిలోంచి ఆకుదొప్పతో నీళ్లు ముంచి అభ్యర్థులకి అందించాలి. వాళ్లు జవాబు చెప్పి అవి తాగాలి. తాగందే తర్వాతి ప్రశ్న లేదు. తొట్టిలోవి పెద్ద మడుగు నీళ్లే.

రాబందులు ప్రశ్న అడగకూడదన్న కట్టుబాటేమీ లేదు. అడుగుతారని ఎవరికీ తోచలేదంతే.

మబ్బి దిగింది. ముక్కుతో పట్టి దొప్ప ముంచి బండ మీద పెట్టింది. జనం చప్పున వెనక్కి జరిగారు.

"అయ్యలారా, మా గుంట ఎండిపోయింది. మేం పెద్ద మడుగులో తాగొచ్చా, కూడదా?"

గోరింకలు ఒక్క క్షణం తటపటాయించి అందుకున్నాయి. తాగొచ్చా, కూడదా? తాగొచ్చా, కూడదా? లోయ పలికింది, కొండ పలికింది. మబ్బికి ఒళ్లు జలదరించింది. ఏనాడూ తనని దగ్గరికి రానివ్వని అడవి తన మాటని ఇంతింత గొంతులతో పలుకుతోంది!

సూరప్ప నవ్వాడు. "చక్కని ప్రశ్న తల్లీ! నీటి ఎద్దడి అందరిదీ. నేను గెలిస్తే అడవికి కొత్త మడుగులు..."

"వాటిలో మేం తాగొచ్చా?"

"అది సున్నితమైన సంగతి. పెద్దలతో మాట్లాడాలి. కమిటీ వేస్తాం."

"రాబందులంటే నాకు ప్రాణం," అన్నాడు గుబురయ్య. "కాకపోతే ఎన్నికల వేళ ఇలాంటివి కెలక్కూడదమ్మా."

అడ్డుగా దొర్లిన మాటల గుట్టని చూసి మబ్బి నిజంగానే ఆశ్చర్యపోయింది. ఇంత పెద్ద గుట్టలో జవాబు మాత్రం ఆవగింజంతైనా లేదు!

"సరే అయ్యా, నోటితో చెప్పలేకపోతే మానెయ్యండి," అంది. "ఆనవాయితీ ప్రకారం ఈ నీళ్లు తాగండి చాలు."

సూరప్ప దొప్ప వంక చూశాడు. తాగితే కట్టుబాటు పట్టుకు వేలాడే అడవిదున్నల ఓట్లు పోతాయి. తాగకపోతే రాబందులవీ, వాళ్ల మీద జాలిపడే జింకలవీ పోతాయి.

"ఇవాళ నాకు ఉపవాసం," అన్నాడు.

"ఇందాక రేగుపళ్లు నమిలావుగా మావా!" ఎవరో అరిచారు.

"నాకు జలుబు," అన్నాడు గుబురయ్య, గట్టిగా దగ్గి.

నక్కగారికి ఉపవాసం! ఎలుగుగారికి జలుబు! గోరింకలు దగ్గుతో సహా చేరవేశాయి. రాయుడు ముక్కెత్తి కదలకుండా కూర్చున్నాడు. ఎండ ముదిరింది. మాట్లాడి మాట్లాడి ఇద్దరి నాలుకలూ పిడచకట్టాయి. దొప్ప ఎదురుగానే ఉంది.

అప్పుడో ముసలి జింక, పేరు లేళ్లమ్మ, కుంటుకుంటూ ముందుకొచ్చింది. "వీళ్లకి దాహం లేదట గానీ నాకుంది. ఇటియ్యి బిడ్డా." దొప్ప అందుకుని చివరి చుక్క దాకా తాగింది. మూతి నాక్కుంది.

ఆకాశం విరిగి పడలేదు.

"మీ అమ్మని రేవుకి తీసుకురా," అంది లేళ్లమ్మ. "నా పక్కన నిలబడి తాగుతుంది. ఎవడొద్దంటాడో చూస్తాను."

వెనక కుందేళ్లు కదిలాయి, అడవిపందులు కదిలాయి. దున్నల్లో కూడా ఒకటి కాసేపు నేల గీరి, తల దించుకుని నడిచింది. అడవి అడవంతా మడుగు వైపు సాగుతుంటే, ఆ సందడికి మబ్బి కళ్లు చెమర్చాయి. గోరింకలూ అటే ఎగిరిపోయాయి.

బండ మీద సూరప్ప జవాబు సర్దుకుని గొంతు సవరించుకునేసరికి వినడానికి మిగిలింది గుబురయ్య ఒక్కడే.

నీతి: ఓటడిగే నోరు ఏ మాట దగ్గర మూతపడుతుందో, జనం తేల్చుకోవలసింది ఆ మాటనే.